"లీవ్ కావాలి" నుంచి "లీవ్‌లో ఉంటాను" దాకా: ఆఫీసుల్లో తరాల పేచీ వెనక ఏముంది?

మాదాపూర్‌లో టీమ్ లీడ్‌గా చేసే మిత్రుడొకడు టీ కొట్టు దగ్గర ఫోన్ తీసి ఒక వాట్సాప్ మెసేజ్ చూపించాడు. అతని టీమ్‌లో పనిచేసే 23 ఏళ్ల అమ్మాయి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి పంపింది. "హాయ్, రేపు లీవ్‌లో ఉంటాను. నా దగ్గర ఉన్న రెండు టికెట్లూ పక్క సీటు అతనికి అప్పజెప్పాను." అంతే. టికెట్ అంటే ఐటీ ఆఫీసుల్లో ఒక్కొక్కరికి అప్పగించే పని. మావాడి బాధ లీవ్ గురించి కాదట. "లీవ్ కావాలి అని అడగాలి కదరా. ఉంటాను అని చెప్పేయడమేంటి?" అన్నాడు. దానికి వీడు నాలుగు లైన్ల జవాబు రాస్తే అవతలి నుంచి బొటనవేలి గుర్తు ఒక్కటి వచ్చింది. ఆ మంట వేరే.

ఇంటికెళ్లి మా అన్నయ్య కూతురికి ఈ సంగతి చెప్పాను. "ఇందులో తప్పేముంది బాబాయ్? లీవులు తనవే. పని ఎవరికిచ్చిందో కూడా చెప్పింది. ఇంకేం కావాలి ఆయనకి?" అంది.

ఒకే మెసేజ్‌ని ఒకరు పెద్దరికాన్ని పట్టించుకోకపోవడంగా చదివారు, ఇంకొకరు బాధ్యతగా చదివారు. ఇలాంటి చిన్న చిన్న గొడవలే పోగుపడి "ఈ తరం పిల్లలతో వేగలేం" అన్న పెద్ద మాటగా మారుతున్నాయి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాటలతో ఆ లెక్క 90కి చేరినప్పుడు ఇదే రచ్చ దేశమంతా జరిగింది. అసలు ఇందులో తరానికి సంబంధించింది ఎంత, కానిది ఎంత?

తరం అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

1981 నుంచి 1996 మధ్య పుట్టినవాళ్లు మిలీనియల్స్, 1997 నుంచి 2012 మధ్య పుట్టినవాళ్లు జెన్ జీ. అందరూ వాడే ఈ లెక్క అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2018, 2019లలో పెట్టుకున్నది. 1996 దగ్గరే గీత ఎందుకు గీశారంటే, 2001 సెప్టెంబరు 11 దాడులు గుర్తుండే వయసు వాళ్లు ఒకవైపు, గుర్తులేనివాళ్లు ఇంకోవైపు పడతారని. అమెరికాకి అది సరిపోతుంది. కరీంనగర్‌లోనో కాకినాడలోనో పుట్టిన పిల్లాడి జీవితంలో ఆ గీతకు పెద్ద అర్థం లేదు. మన దగ్గర గీతలు గీయాలంటే 1991 ఆర్థిక సంస్కరణల దగ్గర ఒకటి, 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన చోట ఒకటి, 2020 లాక్‌డౌన్ దగ్గర ఇంకొకటి గీసుకోవాలి.

అయినా పుట్టిన సంవత్సరం ఒకటైతే చాలా? కార్ల్ మన్‌హైమ్ అనే సోషియాలజిస్టు 1928లోనే ఈ ప్రశ్న వేశాడు. ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, ఒకే చారిత్రక అనుభవంలో కలిసి పాలుపంచుకోవాలి అన్నాడు. 2000లో కూకట్‌పల్లిలో పుట్టి, అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో పెరిగిన కుర్రాడిని, అదే ఏడాది ఉట్నూరు దగ్గర తండాలో పుట్టి ఇంటి మొత్తంలో మొదటిసారి నెల జీతం చూసిన అమ్మాయిని పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ లెక్క ప్రకారం జెన్ జీనే. ఆ అమ్మాయికి మొదటి జీతం అంటే చెల్లి ఫీజు, నాన్న అప్పు. "పని నచ్చకపోతే మానేస్తా" అనే మాట ఆమె నోట అంత తేలిగ్గా రాదు.

ఇలాంటి పేర్లను ఇకపై ఆచితూచి వాడతామని ప్యూ సంస్థే 2023లో ప్రకటించింది. గీత గీసినవాళ్లే వెనక్కి తగ్గారు. మన ఆఫీసు ట్రైనింగ్ స్లైడ్లలో మాత్రం అది ఇంకా రాజ్యమేలుతోంది.

వయసు, కాలం, తరం: విడదీయడం ఎందుకంత కష్టం

కుర్రాళ్లు ఉద్యోగాలు తరచూ మారుతున్నారు అనుకుందాం. దానికి మూడు కారణాలు ఉండొచ్చు.

మొదటిది వయసు. 23 ఏళ్ల మనిషికి ఇంటి ఈఎంఐ లేదు, స్కూలుకెళ్లే పిల్లలు లేరు. తనకేది సరిపోతుందో ఇంకా వెతుక్కుంటున్నాడు. ఏ కాలంలోనైనా ఆ వయసువాళ్లు ఎక్కువగా మారతారు. రెండోది కాలం. మార్కెట్‌లో ఉద్యోగాలు దండిగా ఉంటే 25 ఏళ్ల వాడూ మారతాడు, 45 ఏళ్లాయనా మారతాడు. మూడోది అసలైన తరం ప్రభావం. ఫలానా కాలంలో పెరిగినందువల్ల మనసులో నాటుకుపోయి, వయసు మీదపడినా పోని లక్షణం అది.

చిక్కేమిటంటే, ఈ సంవత్సరంలోంచి పుట్టిన సంవత్సరం తీసేస్తే వయసు. మూడింట్లో రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది. కాబట్టి ఒక్కరోజు సర్వే చేసి "కుర్రాళ్లు ఇలా ఉన్నారు, పెద్దవాళ్లు అలా ఉన్నారు" అంటే, ఆ తేడా వయసుదో తరానిదో ఆ సర్వే చెప్పలేదు. పత్రికల్లో వచ్చే తరాల సర్వేల్లో చాలావాటి పరిస్థితి ఇదే.

మనకు బాగా తెలిసిన లెక్క ఒకటి చూద్దాం. కంపెనీలు మూడు నెలలకోసారి ప్రకటించే అట్రిషన్ రేటు అంటే, గడిచిన పన్నెండు నెలల్లో నూటికి ఎంతమంది తమంతట తాము మానేశారన్నది. 2022 జూన్ క్వార్టర్‌లో ఇన్ఫోసిస్‌లో అది 28.4 శాతం. అదే ఏడాది సెప్టెంబరులో టీసీఎస్‌లో 21.5 శాతం. "ఈ పిల్లలకు విశ్వాసం లేదు, మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని ఆడుకుంటున్నారు" అన్న మాట అప్పుడు ప్రతి హెచ్‌ఆర్ నోటా వినబడింది. 2024 జూన్‌కి వచ్చేసరికి ఇన్ఫోసిస్‌లో 12.7, టీసీఎస్‌లో 12.1. వందమంది ఉన్న చోట ఏడాదికి 28 మంది వెళ్లిపోయేవాళ్లు కాస్తా 13 మందికి దిగారు.

రెండేళ్లలో ఒక తరం పోయి ఇంకో తరం రాలేదు. సీట్లలో ఉన్నది ఇంచుమించు ఆ పిల్లలే. కరోనా తర్వాత ఎగబడి చేసిన నియామకాలు ఆగిపోయాయి, బయట ఆఫర్లు తగ్గాయి, అంతే. 2022లో తరం మీదికి నెట్టిన నిందలో సగానికి పైగా మార్కెట్‌దని నా లెక్క.

పరిశోధకులలో రెండు పక్షాలు

అమెరికాలోని నేషనల్ అకాడమీస్ అనే శాస్త్ర సంస్థ ఈ విషయం మీద ఒక నిపుణుల కమిటీ వేసి 2020లో నివేదిక ఇచ్చింది. తరాల పేరుతో ఉద్యోగులను విడదీసి, దాన్నిబట్టి మేనేజ్‌మెంట్ నిర్ణయాలు తీసుకోవడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని తేల్చింది. కనిపించే తేడాల్లో చాలావరకు వయసు వల్లో, పని స్వరూపం మారడం వల్లో, కాలం వల్లో వచ్చినవేనంది.

అవతలి పక్షాన్ని కొట్టిపారేయడానికి లేదు. జీన్ ట్వెంగీ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కరోజు సర్వే మీద ఆధారపడకుండా 1976, 1991, 2006 సంవత్సరాల్లో పన్నెండో తరగతి చదివిన అమెరికన్ పిల్లల జవాబులను పోల్చారు. అందరిదీ ఒకే వయసు కాబట్టి వయసు గొడవ పోయింది. తేలిందేమిటంటే, తీరిక సమయానికి ఇచ్చే విలువ పెరుగుతూ వచ్చింది, జీవితంలో పనికి ఇచ్చే చోటు తగ్గుతూ వచ్చింది. అంటే నిజంగానే ఏదో మారింది. అది తరమా, కాలమా అన్నది మాత్రం ఈ పద్ధతిలోనూ పూర్తిగా విడిపోదు.

ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. 2006లో పన్నెండో తరగతి చదివినవాళ్ల వయసు ఇప్పుడు ముప్పై ఐదు దాటింది. వాళ్లలో చాలామంది ఈపాటికి మేనేజర్లు అయ్యుంటారు. పని మీద ధ్యాస తగ్గిందని అప్పుడు వాళ్ల గురించి రాశారు, ఇప్పుడు వాళ్లు ఇంకొకరి గురించి అంటున్నారు. మా మిత్రుడి సంగతే తీసుకుంటే 2005కీ 2008కీ మధ్య మూడు కంపెనీలు మారాడు. ఒకచోట రెండు వేల జీతం తేడా కోసం మారాడు. అత్తా ఒకింటి కోడలే అన్నారు కదా అని గుర్తుచేస్తే, "అప్పటి సంగతి వేరు" అన్నాడు.

మారింది మనుషులా, ఒప్పందమా?

అప్పటి సంగతి వేరు అన్నమాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఉద్యోగం అంటే జీతం మాత్రమే కాదు, కాగితం మీద రాయని మాట కూడా. నువ్వు ఇంత ఓర్చుకో, నేను నీకు ఇది చూసుకుంటా అని. ఆ రాయని మాట ఎలా మారిందో చూడకుండా విశ్వాసం తగ్గిందనడం ఒంటిచేత్తో చప్పట్లు కొట్టడమే.

ప్రభుత్వ ఆఫీసులో ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లు సీపీఎస్, అంటే ఉద్యోగి కూడా తన వాటా కట్టే పెన్షన్ పథకం కిందికి వస్తారు. పక్కపక్క కుర్చీల్లో ఒకే ఫైలు చూసే ఇద్దరు గుమస్తాలను ఊహించుకోండి. 2003లో చేరినాయనకు రిటైరయ్యాక చివరి బేసిక్‌లో సగం దాకా పెన్షన్, దాని మీద డీఏ, ఆ తర్వాత భార్యకు కుటుంబ పెన్షన్. 2005లో చేరినాయన జీతంలో బేసిక్, డీఏ కలిపి నెలనెలా పది శాతం కోత, ప్రభుత్వం ఇంకో పది కలుపుతుంది, ఆ డబ్బు మార్కెట్‌లో ఎంతయితే అంత. ఇద్దరి మధ్య రెండేళ్లే తేడా. వీళ్లది ఒకే తరం. అయినా ఆఫీసుతో ఉన్న బంధం ఒకటి కాదు. కేంద్ర ఉద్యోగులకు 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకం కూడా ఎంచుకునే వీలు వచ్చింది. పాతికేళ్ల సర్వీసుంటే చివరి ఏడాది సగటు బేసిక్‌లో సగం ఖాయం అంటుంది. ఖాయం అన్న ఆ ఒక్క మాట కోసమే ఇన్నేళ్ల ఆందోళనలు జరిగాయి.

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా యువతీయువకులు ఒక్కసారిగా ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చారు. వాళ్లలో బీటెక్‌లు, పీజీలు చాలామంది. రెండేళ్లు నెలకు 15 వేలు, తర్వాత ప్రొబేషన్ ఖరారు, స్కేలు అన్నది మాట. ఆ ఉత్తర్వులు 2022 జూన్‌లో గానీ రాలేదు. ఈలోగా రోడ్డెక్కినవాళ్లను "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అన్నవాళ్లున్నారు. రెండేళ్లన్నది రెండున్నరేళ్లు దాటితే ఏ కాలం వాళ్లయినా అడుగుతారు.

ప్రైవేటు సంగతికొస్తే, పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల మధ్యే తిరుగుతోంది. కోడింగ్‌లో గట్టివాళ్లకు ఏడు లక్షల గ్రేడ్లు వేరే ఉన్నాయి, వాటిని పక్కన పెడదాం. ధరలు ఏటా ఐదు శాతం పెరిగాయనుకుంటే, వంద రూపాయల సరుకు పన్నెండేళ్లలో 180 అవుతుంది. అంటే ఈరోజు మూడున్నర లక్షలతో మొదలయ్యే అబ్బాయి చేతిలో పన్నెండేళ్ల కిందటి లెక్కన 1 లక్షా 95 వేలే ఉన్నట్టు. సీనియర్ "నేనూ అదే జీతంతో మొదలుపెట్టా" అంటే అంకె నిజం, విలువ నిజం కాదు.

పోనీ ఓర్చుకుంటే పైకి వెళతాం అనుకుందామా? 2022లో ఆఫర్ లెటర్ అందుకున్న ఫ్రెషర్లలో కొందరు జాయినింగ్ కోసం రెండేళ్ల దాకా ఎదురుచూశారు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఆ దెబ్బ ఎక్కువగా పడేది మధ్య, పై స్థాయి వాళ్లకేనని చెప్పింది. పదిహేనేళ్లు నమ్ముకుని ఉన్న అన్నలకు జరిగింది చూశాక, "ఒకేచోట ఉండు, నిదానంగా ఎదుగుతావు" అన్న సలహా పిల్లల చెవికి ఎక్కుతుందా?

గంటల వాదన కూడా ఇలాగే లెక్కలోకి దించి చూడాలి. 70 గంటలు ఆరు రోజులకు పంచితే రోజుకు 11 గంటల 40 నిమిషాలు. ఎల్బీనగర్ నుంచి గచ్చిబౌలికి ట్రాఫిక్‌లో పోనూ రానూ మూడు గంటలు వేసుకుంటే 14 గంటల 40 నిమిషాలు. మిగిలిన తొమ్మిది గంటల చిల్లరలో నిద్ర, స్నానం, తిండి, అమ్మకు ఫోను. 90 గంటలైతే ఆదివారం కూడా కలుపుకుని రోజుకు 12 గంటల 50 నిమిషాల పైమాటే. నారాయణమూర్తి వాదనలోనూ పస లేకపోలేదు. మన దేశంలో పని ఉత్పాదకత తక్కువ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ, జపాన్ ప్రజలు అలా కష్టపడే లేచారన్నది ఆయన మాట. సొంత కంపెనీ పెట్టి వాటా ఉన్న మనిషి గంటలకూ, వాటా లేని జీతగాడి గంటలకూ ప్రతిఫలం ఒకటి కాదన్నది ఆయనకు జవాబు చెప్పినవాళ్ల మాట. ఈ రెంటి మధ్య పేచీ వయసుది కాదు.

ఉత్సాహపరచడం అంటే ఏమిటి

పిల్లలను మోటివేట్ చేయాలి అనగానే బిర్యానీ లంచ్, టేబుల్ టెన్నిస్ బల్ల, శుక్రవారం ఆటలు గుర్తొస్తాయి. వీటివల్ల నష్టం లేదు. కానీ ఈ విషయంలో పాత పరిశోధన ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని దాదాపు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో ఫలితాలు ప్రచురించింది. పని మీద మనసు విరిగిన సందర్భం చెప్పమంటే కంపెనీ నియమాలు, సూపర్‌వైజర్ తీరు, జీతం వంటివి ఎక్కువగా చెప్పారు. మనసు పొంగిన సందర్భం చెప్పమంటే సాధించిన పని, దానికి దక్కిన గుర్తింపు, తమ చేతికి వచ్చిన బాధ్యత చెప్పారు. అంటే మొదటి రకం సరిచేస్తే విసుగు తగ్గుతుంది, ఉత్సాహం దానంతటది రాదు. రెండో రకం ఎంత ఉన్నా మొదటిది కుళ్లిపోతే మనిషి నిలవడు. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే కంపెనీ తప్పు అనుకోవడం మనిషి సహజం కాబట్టి ఆ జవాబులు అలా వచ్చాయని విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఒకటి మాత్రం గమనించండి. ఆ జాబితాలో ఉన్నవే నేటి పిల్లలూ అడుగుతున్నారు. ఆ ఇంజినీర్లు బతికుంటే వాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆఫీసుల్లో ఉంటారు.

డబ్బు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు ఎదురుతిరుగుతుంది అన్నది 1971లో ఎడ్వర్డ్ డెసీ ఒక చిన్న ప్రయోగంలో చూశాడు. కాలేజీ విద్యార్థులకు పజిల్ ఇచ్చి, కొందరికి ఒక్కో పజిల్‌కి ఒక డాలర్ ఇచ్చాడు. తర్వాత డబ్బు ఆపేస్తే, వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్ వైపు చూడటం తగ్గింది. నోటితో మెచ్చుకుంటే మాత్రం అలా కాలేదు. దీని మీద దశాబ్దాలు వాదనలు నడిచాయి, వాదించినవాళ్లు అందరూ ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆ దారిలోనే డెసీ, రిచర్డ్ రయన్ కలిసి చెప్పిన సిద్ధాంతంలో మూడు అవసరాలు ఉన్నాయి: తన పనిలో తన మాట కొంతైనా చెల్లడం, పని వచ్చింది అన్న ధీమా కలగడం, చుట్టూ ఉన్నవాళ్లు తనవాళ్లు అనిపించడం.

రెండోది కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే నిజమైన తరం తేడా ఏదైనా ఉంటే నాకు అక్కడ కనబడుతోంది. 2020, 2021లలో చేరినవాళ్లు ఇంట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగం మొదలుపెట్టారు. సీనియర్ పక్కన కూర్చుని, ఆయన క్లయింట్‌తో ఫోన్‌లో ఎలా మాట్లాడుతున్నాడో, కోపం వచ్చిన మెయిల్‌కి జవాబు ఎలా రాసి, చెరిపి, మళ్లీ రాస్తున్నాడో చూసి నేర్చుకునే వీలు వాళ్లకు లేకపోయింది. ఇలాంటివి ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పరు. ఎవరికైనా మెయిల్ పెడితే పైవాళ్లను సీసీలో ఎప్పుడు పెట్టాలి, సందేహం ఎన్ని గంటలు కుస్తీపట్టాక అడగాలి, "చూద్దాం" అంటే కాదని అర్థం అని, ఇవన్నీ పక్కసీటు చదువులు. తెలియక చేసినదాన్ని పొగరు అనుకోవడం ఇక్కడ తేలిక. పైగా ఎంఎన్‌సీ ఇండక్షన్‌లో "అందరినీ పేరుతో పిలవండి" అని నేర్పిస్తారు, సీటు దగ్గరికొచ్చాక తెలుగు టీమ్ లీడ్ "గారు" కోసం ఎదురుచూస్తుంటాడు. ఏ రూల్ ఎక్కడ చెల్లుతుందో కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు చెప్పాలి?

బొటనవేలి గుర్తు సంగతి కూడా అంతే. మావాడికి అది "సరేలే పో" అన్నట్టు కనబడింది. మా అన్నయ్య కూతుర్ని అడిగితే, "చూశాను అని అర్థం బాబాయ్. ఏమీ పెట్టకపోతే చూసి కూడా జవాబివ్వలేదంటారు కదా" అంది.

ఆ తర్వాత మావాడు టీమ్ గ్రూపులో ఒక మాట పెట్టాడు. ముందే తెలిసిన లీవైతే సాయంత్రం ఆరులోపు చెప్పండి, పని ఎవరు చూస్తారో రాయండి, ఒంట్లో బాగోకపోతే ఎప్పుడైనా ఫోన్ చేయండి అని. "కావాలి" అని రాయాలా "ఉంటాను" అని రాయాలా అన్న ఊసెత్తలేదు. ఎత్తాలని చాలా ఉండిందట.

మూడు నెలలయ్యాక టీమ్ లంచ్‌లో ఆ అమ్మాయే మాటల్లో బయటపెట్టింది. ఆ రోజు తను వెళ్లింది ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. వస్తే ఇప్పటికంటే పని తక్కువని కాదు, ఎవరూ పీకేయరని. ఈసారి రాలేదు, మళ్లీ రాస్తుందట. "ముందే చెబితే నేను వద్దంటానా?" అన్నాడట వీడు.

"లీవ్ కావాలి అని అడిగితే ఎందుకని అడుగుతారు కదా" అందట.